పదిహేడు గళ్ళ ఊరేగింపు

2018 ఆగస్టులో నేను లండన్‌లో ఉన్నాను. మా పెద్దాడికి కూతురు పుట్టి అప్పటికి నాలుగు నెలలు. కోడలు తిరిగి ఉద్యోగంలో చేరేలోపు పిల్లని కాస్త చూసుకుందామని వెళ్ళాను. ఒక శనివారం ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర ఉండగా వాన పట్టుకుంది. "అత్తయ్యా, నేషనల్ గ్యాలరీలోకి వెళ్దాం రండి. టికెట్ లేదు, పిల్లకి పాలు కూడా పట్టొచ్చు" అంది కోడలు. అలా వెళ్ళాం. బొమ్మలు చూడాలన్న ఆలోచన నాకు లేదు.

లోపల, మెట్ల పైన గోడకి, బాగా ఎత్తులో ఒక పొడుగాటి బొమ్మ వేలాడుతోంది. తలెత్తి చూశాను. నోట్లోంచి వచ్చిన మొదటి మాట "బ్యానరు".

"ఏంటమ్మా?" అన్నాడు మావాడు.

"మీ తాతయ్య బ్యానరంత ఉందిరా."

వాడు నవ్వి ఊరుకున్నాడు. వాడికి తాతయ్య అంటే విశాఖలో అల్లిపురం ఇంటి అరుగు మీద కూర్చుని పేపరు చదివే మనిషి. బ్యానర్లు వేసిన మనిషి నాకు తెలుసు. అక్కడే నిలబడి, మెడ నొప్పి పుట్టేదాకా ఆ బొమ్మ చూశాను. పిల్ల పాలు తాగడం అయిపోయింది, వాన తగ్గింది, వాళ్ళు రెండు గదులు తిరిగి కూడా వచ్చారు. నేను కదల్లేదు.

నాన్న సినిమా బ్యానర్లు వేసేవాడు. అల్లిపురంలో ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో గాడా గుడ్డ పన్నాలు కుట్టి, చెక్క ఫ్రేములకు బిగించి, జిగురు కాచి తెల్లపొడి కలిపి పూత వేసేవారు. ఆరాక గళ్ళు కొట్టడం. అది నా పని. నా పని అంటే దారం ఒక కొస పట్టుకోవడం. నూలుదారానికి నీలిమందు పొడి పట్టించి, ఒక కొస నేను, ఇంకో కొస బాబాయి లాగి పట్టుకుంటే, నాన్న మధ్యలో రెండు వేళ్ళతో దారాన్ని పైకి లాగి వదిలేవాడు. టప్‌మని చప్పుడు, గుడ్డ మీద నిటారుగా నీలం గీత. అలా అడుగుకో గీత. నిలువు గీతలయ్యాక అడ్డం. "ఒదలకే గుంటా, బిగించి పట్టు. నీ చెయ్యి అంగుళం జారితే అక్కడ హీరో చెవి జారిపోద్ది" అనేవాడు నాన్న. స్టిల్ ఫొటో మీద ముందే పెన్సిల్‌తో చిన్న గళ్ళు గీసి ఉండేవి. ఫొటోలో మూడో గడిలో కన్ను ఉంటే గుడ్డ మీదా మూడో గడిలో కన్ను. అంతే. అరచేతిలో ఇమిడే మొహం గోడంత అయ్యేది ఆ గళ్ళ వల్లే.

ఇంతకీ నేషనల్ గ్యాలరీ మెట్ల పైన ఉన్న ఆ బొమ్మ వెడల్పు 17 అడుగులు. ఎత్తు ఏడడుగుల పైన. కింద నిలబడి నేను మొదట చేసిన పని గళ్ళు లెక్కపెట్టడం. పదిహేడు అడ్డం, ఏడు నిలువు, నూటపందొమ్మిది గళ్ళు. నాన్నా బాబాయీ కలిసి వేస్తే ఆరు రోజులు. ఇది వేసినాయనకి రెండేళ్ళు పట్టింది.

ఆయన పేరు ఫ్రెడరిక్ లేటన్. ఇంగ్లండ్‌లో స్కార్‌బరోలో 1830లో పుట్టాడు. తండ్రి డాక్టరు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చదువుకుని రోమ్ చేరి, అక్కడ 1853లో ఈ బొమ్మ మొదలుపెట్టాడు. పూర్తి చేసి 1855లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనకి పంపాడు. అప్పటికి లండన్‌లో ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఇరవైనాలుగేళ్ళ కుర్రాడు, మొదటిసారి పెట్టిన బొమ్మ, పదిహేడు అడుగులు! నాన్న దగ్గర పనిలో చేరిన కుర్రాళ్ళకి ఇరవైనాలుగేళ్ళు వచ్చినా నాన్న మొహాలు ముట్టుకోనిచ్చేవాడు కాదు. చీరలూ ఆకాశాలూ వరకే.

ఆ బొమ్మలో ఏముందంటే, ఒక బొమ్మ ఊరేగింపు. అవును, దేవుడి విగ్రహం కాదు, రాజు పట్టాభిషేకం కాదు. ఒక చిత్రకారుడు గీసిన బొమ్మని జనం ఊరంతా ఊరేగిస్తున్నారు. ఊరు ఇటలీలోని ఫ్లోరెన్స్. కాలం పదమూడో శతాబ్దం చివర. చిమబుయే అనే చిత్రకారుడు మేరీమాత బొమ్మ వేశాడు. అంత గొప్ప బొమ్మ అంతకుముందు ఎవరూ చూడలేదని, ఆయన ఇంటి నుంచి చర్చిదాకా జనం సన్నాయిల్లాంటి బాకాలు ఊదుకుంటూ మోసుకెళ్ళారని, వజారి అనే ఆయన 1550లో అచ్చైన తన చిత్రకారుల జీవితకథల్లో రాశాడు. లేటన్ ఆ నాలుగు మాటలు పట్టుకుని పదిహేడు అడుగులు నింపేశాడు.

బొమ్మలో జనం కుడి నుంచి ఎడమకి నడుస్తున్నారు. మధ్యలో తెల్లబట్టల్లో చిమబుయే, తలకి లారెల్ ఆకుల కిరీటం. ఆయన చెయ్యి పట్టుకుని ఒక పిల్లాడు. ఆ పిల్లాడు జొట్టో, ఆయన శిష్యుడు, తర్వాత గురువుని మించిపోయినవాడు. వాళ్ళ వెనక మేరీమాత బొమ్మ. దాని వెనక ఆ కాలపు చిత్రకారులూ శిల్పులూ. వాద్యాలు వాయించేవాళ్ళున్నారు, పిల్లలున్నారు. కుడి చివర గుర్రం మీద అంజూ చార్లెస్ అనే రాజు. ఇంకా ఆ మూల, గోడకి ఆనుకుని ఒక్కడే నిలబడి చూస్తున్నవాడు కవి డాంటే.

నన్ను అక్కడ నిలబెట్టేసింది ఇవేవీ కాదు. ఊరేగే ఆ మేరీమాత బొమ్మ మనకి సరిగ్గా కనిపించదు. లేటన్ దాన్ని పక్కకి తిప్పేశాడు. ఇంతమంది ఎవరికోసం నడుస్తున్నారో ఆ బొమ్మ మనకి ఓరగా, సన్నగా కనిపిస్తుంది, అంతే. మనకి ఎదురుగా కనిపించేది దాన్ని వేసిన మనిషి. రాజుని వెనక్కి పంపి, ఓ మూల పెట్టి, బొమ్మలేసేవాణ్ణి తెల్లబట్టలు కట్టి నడిమధ్యన నడిపించాడు లేటన్. ఇరవైనాలుగేళ్ళ కుర్రాడికి అది తోచింది. నా కళ్ళు నిండాయి. కోడలు చూసి, "అత్తయ్యా, బాగానే ఉన్నారా?" అని భయపడింది.

ఎందుకు నిండాయో చెప్పాలంటే నాన్నతో నేను నడిచిన ఒక ఊరేగింపు చెప్పాలి.

నాకప్పుడు పదమూడేళ్ళు. సంక్రాంతికి రిలీజు. మా షెడ్డులో బ్యానరు నాలుగు ముక్కలుగా తయారైంది. దాన్ని ముందురోజు రాత్రే లాగుడు బండి మీద హాలుకి చేర్చాలి. కానీ ఆ హీరో అభిమానులు ఒప్పుకోలేదు. పగలే తీసుకెళ్తాం, డప్పులతో తీసుకెళ్తాం అన్నారు. మధ్యాహ్నం నాలుగింటికి రెండు బండ్ల మీద ముక్కల్ని నిలబెట్టి తాళ్ళతో కట్టారు. హీరో మొహం ఉన్న ముక్క మొదటి బండి మీద. దానికి బంతిపూల దండ, పూర్ణా మార్కెట్‌లో కొన్నది, ఇంత లావు. కొబ్బరికాయలు కొట్టారు. కర్పూరం వెలిగించబోతే నాన్న పరుగెత్తుకెళ్ళి ఆపాడు. పైన అవిసె నూనె రంగులు ఇంకా పచ్చిగా ఉన్నాయి.

అల్లిపురం నుంచి డాబాగార్డెన్స్, అక్కడినుంచి జగదాంబ జంక్షన్ వైపు. డప్పులు, ఈలలు, ముందు కుర్రాళ్ళ చిందులు. మేడల మీద ఆడవాళ్ళు. ఒక ముసలామె బండి ఆపించి మొహానికి చేత్తో మెటికలు విరిచి దిష్టి తీసింది. నాన్న ఎక్కడున్నాడో తెలుసా? మొదటి బండి వెనక, వంగుని, రెండు చేతులతో ఫ్రేము అడుగు చెక్క పట్టుకుని. గాలికి ముక్క ఊగితే తాడు తెగుతుందని ఆయన భయం. విశాఖ సముద్రపు గాలి సంగతి తెలిసిందే కదా, మధ్యాహ్నం దాటితే ఎటునుంచి కొడుతుందో చెప్పలేం. దారి పొడుగునా అలాగే వంగి నడిచాడు. చొక్కా వీపంతా చెమట. మోచేతిదాకా ఎరుపు రంగు. నేను పక్కన చెప్పుల్లేకుండా పరుగు. ఎవరో కుర్రాడు, "ఏయ్, కూలోడా, ఆ మూల ఎత్తి పట్టు, హీరో వంగిపోతన్నాడు!" అని అరిచాడు. నాన్న ఎత్తి పట్టాడు.

'ఈయనే వేశాడు' అని నేను అరిచి ఉండాల్సింది. డప్పుల్లో వినబడకపోయినా సరే. అరవలేదు. లండన్‌లో ఆ తెల్లబట్టల మనిషిని చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది అది.

లేటన్ బొమ్మ సంగతి ఇంటికొచ్చాక రోజుల తరబడి చదివాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని, ఒకసారి పట్టుకుంటే వదలను. 1855లో రాయల్ అకాడమీ ప్రదర్శనలు జరిగింది వేరే ఎక్కడో కాదు, అదే నేషనల్ గ్యాలరీ భవనంలో. అంటే ఆ బొమ్మని జనం మొదటిసారి చూసింది నేను నిలబడిన కట్టడంలోనే. ఆ మేలో విక్టోరియా రాణి, ఆమె భర్త ఆల్బర్ట్ ప్రదర్శన చూడటానికి వచ్చారు. లేటన్ అనే ఎవరో వేసిన చాలా పెద్ద బొమ్మ చూశాననీ, ఎంతో వెలుగుతో ఉందనీ, ఆల్బర్ట్ మురిసిపోయి పట్టుబట్టి తనచేత కొనిపించాడనీ రాణి తన డైరీలో రాసుకుంది. ధర 600 గినీలు, అంటే 630 పౌండ్లు. ఒక్క రోజులో లేటన్ పేరు లండనంతా తెలిసింది. ఇప్పటికీ అది రాజకుటుంబపు సేకరణలోదే. నేను చూసినప్పుడు గ్యాలరీకి అప్పుగా ఇచ్చి ఉన్నారు.

విక్టోరియా రాణి అంటే మనకి వన్‌టౌన్ రాణి. క్వీన్ మేరీస్ స్కూలు దగ్గర మండపంలో ఉన్న ఆ విగ్రహం పక్కనుంచి ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళే మార్గశిర గురువారాల్లో అమ్మ నన్ను ఆ నీడలో కూర్చోబెట్టి పూలు కొనుక్కొచ్చేది. ఆ ఇనుపచువ్వల వెనక ఉన్న రాణిని చూస్తే నాకెప్పుడూ ఏ భావమూ కలిగేది కాదు. లండన్ నుంచి వచ్చాక ఒక సాయంత్రం పనిగట్టుకుని వెళ్ళి చూశాను. ఊరూ పేరూ తెలియని కుర్రాడి బొమ్మని చూసి, నచ్చి, కొన్న మనిషి ఈమె అనిపించింది. ఆమె సామ్రాజ్యం మన మీద చేసినవి పిల్లలకి పాఠం చెప్పినదాన్నే, అవి మర్చిపోలేదు. కానీ ఆ ఒక్క కొనుగోలు మంచిది.

లేటన్ తర్వాత చాలా పెద్దవాడయ్యాడు. వెంటనే కాదు. మరుసటేడు పెట్టిన బొమ్మని విమర్శకులు తీసిపారేశారు. అయినా 1878లో రాయల్ అకాడమీ అధ్యక్షుడయ్యాడు. 1896 జనవరిలో ప్రభువు బిరుదు ఇచ్చారు, ఇంగ్లండ్‌లో చిత్రకారుడికి అది దక్కడం అదే మొదలు. మర్నాడే పోయాడు. ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. నన్ను నిద్రపోనివ్వనిది వేరే సంగతి.

ఆ ఊరేగింపులో మోసుకెళ్తున్న మేరీమాత బొమ్మ చిమబుయే వేసింది కాదు.

నిజంగా కాదు. ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది, ఫ్లోరెన్స్‌లో ఉఫిజీ మ్యూజియంలో. నాలుగున్నర మీటర్ల ఎత్తు. దాన్ని వేసింది దుచ్చో అనే ఆయన. ఫ్లోరెన్స్ మనిషి కూడా కాదు, పక్క ఊరు సియెనావాడు. ఫ్లోరెన్స్‌లో సాంటా మరియా నొవెల్లా చర్చిలోని ఒక భక్త సమాజంవాళ్ళు ఆయనతో 1285 ఏప్రిల్ 15న రాసుకున్న కాగితం దొరికింది. 150 లీరాలు మజూరీ. బంగారమూ రంగులూ ఖర్చు ఆయనదే. పని పూర్తయ్యాక వాళ్ళకి నచ్చకపోతే తీసుకోనక్కర్లేదు, డబ్బులివ్వనక్కర్లేదు.

ఈ చివరి షరతు చదివి పుస్తకం మూసేశాను. మా ఇంట్లో ఆ కాగితం లేదు గానీ ఆ షరతు ఉంది. ఒక హాలువాళ్ళు, పేరెందుకు, బ్యానరు కట్టిన మూడోరోజున నాన్నని పిలిపించి, మీసం సన్నగా వేశావంట, అభిమానులు గొడవ చేస్తున్నారు, డబ్బుల్లేవు అన్నారు. స్టిల్‌లో ఉన్నంతే వేశానన్నాడు నాన్న. గుడ్డ ఆయనదే, నూనె ఆయనదే, ఆరు రోజుల కూలీ బాబాయికీ కుర్రాళ్ళకీ ఇచ్చేశాడు. ఆ రాత్రి నిచ్చెనెక్కి మీసం లావు చేసి దిగాడు. అయినా డబ్బులు రాలేదు. ఆ నెల మా ఇంట్లో అమ్మ గాజులు తాకట్టుకెళ్ళాయి. దుచ్చోకి 150 లీరాలు ముట్టే ఉంటాయని నమ్మాలనిపిస్తుంది నాకు.

కాగితం 1285 నాటిదే అయినా, వజారి చిమబుయే అని రాసేశాడు కాబట్టి ఊరంతా చిమబుయే అనే నమ్మింది. మూడు వందల ఏళ్ళకి పైగా. లేటన్ కూడా నమ్మాడు. బొమ్మ దుచ్చోది అని విక్‌హాఫ్ అనే పండితుడు వాదించింది 1889లో. అప్పటికి లేటన్ బొమ్మకి ముప్పైనాలుగేళ్ళు. పదిహేడు అడుగుల పొడుగునా దండేసి, కిరీటం పెట్టి, తెల్లబట్టలు కట్టి నడిపించిన మనిషి వేరు, ఆ బొమ్మ వేసిన మనిషి వేరు. దుచ్చో ఆ ఊరేగింపులో ఎక్కడా లేడు. మూలన గోడకి ఆనుకున్నవాడిలా కూడా లేడు.

దీన్ని లేటన్ తప్పని నేను అనను. ఆయన దగ్గరున్న పుస్తకం అదే. పైగా ఆ ఊరేగింపు నిజంగా జరిగిందో లేదో వజారి మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. కానీ ఇంకో ఊరేగింపు జరిగింది. అది ఖాయం. 1311 జూన్ 9న, సియెనాలో. దుచ్చో వేసిన మరో మేరీమాత బొమ్మని, మయెస్తా అంటారు దాన్ని, ఆయన పనిచేసుకునే చోటు నుంచి పెద్ద చర్చికి ఊరంతా కలిసి మోసుకెళ్ళారు. ఆ రోజు అంగళ్ళు మూసేశారు. చర్చి గంటలు మోగించారు. ఊరి పెద్దలూ పూజార్లూ ముందు, ఆడవాళ్ళూ పిల్లలూ వెనక, చేతుల్లో వెలిగించిన కొవ్వొత్తులు. బాకాలు. అప్పటి ఊరివాళ్ళ వృత్తాంతంలో ఇదంతా రాసి ఉంది. అంటే బొమ్మకి జరిగిన నిజమైన ఊరేగింపు దుచ్చోదే. ఇది చదివినప్పుడు అర్ధరాత్రి ఒంటిగంట. లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివాను.

ఆ మయెస్తా బొమ్మ అడుగున, మేరీమాత కూర్చున్న పీఠం మీద, దుచ్చో లాటిన్‌లో ఒక మాట రాసుకున్నాడు. తల్లీ, సియెనాకి శాంతినివ్వు, నిన్ను ఇలా చిత్రించిన దుచ్చోకి జీవమివ్వు, అని దాని అర్థం. ఊరి కోసం ఒక కోరిక, తన కోసం ఒక కోరిక, తన పేరు.

నాన్న కూడా కుడివైపు అడుగున పేరు రాసేవాడు. బెత్తెడు అక్షరాలు. ఇంటిపేరు, పక్కన ఆర్ట్స్, కింద విశాఖ. ఆ పేరు నాన్న ఎప్పుడూ చివర్న, ఒక్కడే ఉన్నప్పుడు, చెయ్యి కడుక్కుని వచ్చి రాసేవాడు. 'ఖ' కొసని కాస్త లోపలికి తిప్పడం ఆయన అలవాటు. అయితే హాళ్ళలో బ్యానరు కట్టేటప్పుడు అడుగుభాగం మీద షో టైముల బోర్డు బిగించేవారు. సరిగ్గా ఆ పేరు మీద. ఎన్నిసార్లు చెప్పినా అక్కడే.

ఆయన వేసినవి ఒక్కటీ లేవు ఇప్పుడు. సినిమా మారగానే గుడ్డ వెనక్కి వచ్చేది, తెల్లపూత కొట్టి మళ్ళీ గళ్ళు కొట్టేవారు. ఒక హీరో మీద ఇంకో హీరో, వాడి మీద దేవుడు, దేవుడి మీద విలను. పూత మందమై పెచ్చులూడితే అప్పుడు గుడ్డ మూల పడేసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక నాన్న షెడ్డు మూసేశాడు. 2009లో పోయాడు. ఒక్క ముక్క, ఎవరో హీరోయిన్ చెయ్యి, గాజులు, పమిట అంచు ఉన్నది, వెనక వంటచెరకు తడవకుండా రేకుల మీద కప్పి ఉండేది. దాన్ని లోపల దాచుదామని ప్రతి వేసవికీ అనుకునేదాన్ని. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను దాన్ని పట్టుకుపోయింది. రేకులు దొరికాయి, రెండు వీధుల అవతల. గుడ్డ దొరకలేదు.

ఆ గాజులు నాకు ఇప్పటికీ కళ్ళముందున్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే గాజు కాదు, నాలుగు కుంచె దెబ్బలు. ముదురు ఎరుపు, లేత ఎరుపు, సన్నటి నారింజ, పైన తెల్లటి చుక్క. పదడుగులు వెనక్కొస్తే గలగలమంటాయి. మొహాలకి కూడా నాన్నకి ఒక లెక్క ఉండేది. కింద నిలబడి పైకి చూసేవాళ్ళకి నుదురు కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది కాబట్టి, నుదురు రెండు వేళ్ళు ఎక్కువ వేసేవాడు. షెడ్డులో ఎదురుగా చూస్తే అందరూ బట్టతల మొదలైనవాళ్ళలా ఉండేవారు. హాలు మీదికి ఎక్కాక అందగాళ్ళు.

అందుకే లండన్‌లో ఆ బొమ్మని అంత ఎత్తులో కట్టడం నాకు బాధనిపించింది. కింది నుంచి మొహాలు సరిగ్గా అందలేదు. ఎవరూ ఆగి చూడలేదు కూడా. జనం మెట్లెక్కి వాన్‌గో పొద్దుతిరుగుడు పూల కోసం వెళ్ళిపోతున్నారు. ఒక బొమ్మ గొప్పదనం కోసం ఊరంతా నడిచిన బొమ్మ కిందనుంచి అందరూ తల దించుకుని నడుస్తున్నారు. నాకైతే దాన్ని నేలకి దగ్గరగా, కళ్ళ ఎత్తున పెట్టాలనిపించింది. ఆ మనుషుల పక్కన మనమూ నడుస్తున్నట్టుంటుంది.

గ్యాలరీ కొట్లో ఆ బొమ్మ పొడుగాటి కార్డు ఒకటి దొరికింది. విశాఖ వచ్చిన వారానికి దాన్ని తీసుకుని కంచరపాలెం వెళ్ళాను, బాబాయి దగ్గరికి. నాన్నకి తమ్ముడి వరస. దారం ఇంకో కొస పట్టుకున్న బాబాయి. ఎనభై దాటాయి. శుక్లాల ఆపరేషన్ అయ్యాక చూపు బాగుంది.

కార్డు చేతికిచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. పిన్ని టీ తెచ్చింది, చల్లారిపోయింది.

"ఎంత సైజు?"

"పదిహేడుకి ఏడున్నర."

"కాళ్ళు బాగా ఏసేడమ్మా" అన్నాడు. "జనాన్ని ఏసినోడు కాళ్ళకాడ దొరికిపోతాడు. ఎవుడి కాలు ఎవుడిదో తెలీదు. మీ నాన్న గుంపులొస్తే కింద పొగ పెట్టీసేవోడు, దుమ్ము లేపీసేవోడు. ఈడు దాచలేదు సూడు."

నిజమే. ఆ బొమ్మలో అన్ని కాళ్ళూ నేల మీద కనిపిస్తాయి. నేను మెడ నొప్పి పుట్టేదాకా చూసి కూడా కాళ్ళు చూడలేదు.

అప్పుడు దుచ్చో సంగతి చెప్పాను. ఊరేగే బొమ్మ ఒకడిదని, పేరు ఇంకొకడిదని. కాగితం సంగతీ, షరతు సంగతీ. బాబాయి కార్డు మీద వేలితో ఓరగా ఉన్న ఆ మేరీమాతని వెతుక్కున్నాడు.

"ఈ పటం ఏసినోడా?"

"అవును."

"మరి ఈ మోసీవోళ్ళలో ఉన్నాడేమో సూడు" అన్నాడు. మామూలుగా, దారిలో ఎవరినో వెతుకుతున్నట్టు. "తాడు సంగతి ఆడికే కదా తెలుస్తాది."

నేనేం మాట్లాడలేకపోయాను. కార్డు అక్కడే ఉంచమన్నాడు, ఉంచి వచ్చేశాను.

నాలుగు రోజుల తర్వాత పిన్ని ఫోన్ చేసి, మీ బాబాయి ఓసారి రమ్మంటన్నాడమ్మా అంది. వెళ్ళాను. కార్డు బల్ల మీద ఉంది. దాని మీద సన్నటి పెన్సిల్‌తో గళ్ళు గీసేశాడు. నిలువు గీతలు, అడ్డం గీతలు, ఒక్కటి కూడా వంకర లేదు. పైన అంచున అంకెలు, ఒకటి నుంచి పదిహేడు దాకా. మేరీమాత పడిన గడి దగ్గర మాత్రం చిన్న సున్నా చుట్టి ఉంచాడు.

"గుడ్డ దొరుకుద్దా ఇప్పుడు? గాడా?" అని అడిగాడు.

కురుపాం మార్కెట్‌లో కనుక్కుంటానన్నాను. పిన్ని లోపలికెళ్ళి నూలుదారం ఉండ తెచ్చింది. బాబాయి ఒక కొస విప్పి నా చేతికిచ్చాడు.